‘కప్పురంబు నొక్క’లో ఆ న ఎక్కడిది?

కందనవోలు: వేమన ‘ఉప్పు కప్పురంబు’ మొదటి పాదం ‘నొక్క పోలికనుండు’నా, ‘ఒక్క పోలికనుండు’నా? యూనికోడ్ ప్రతిలో ‘ఒక్క’ అని వెతికితే పద్యమే దొరకలేదు.

పెన్నాతీరం: యాడ దొరుకుతుంది సార్! ‘నొక్క’లో ఐదు సంకేతాలు: న, ఒత్వం, క, పొల్లు, క. విడి ‘ఒ’ది వేరే సంకేతం, అది ఇందులో లేదు. ‘కప్పురంబు’ అని వెతకండి.

గుత్తికోట: గణాలు చూడండి. ఉప్పు, కప్పు, రంబు మూడూ హగణాలు (గురువు, లఘువు), ‘నొక్కపో’ రగణం, ‘లికనుండు’ సలం. ‘కప్పురంబొక్క’ అంటే మూడో గణం దగ్గరే ఆటవెలది విరుగుతుంది. ‘ఒక్క’ అని విడిగా రాస్తే గణం నిలుస్తుంది, ఉ-ఒ యతి నిలుస్తుంది, కానీ విసంధి, అంటే సంధి చేయని దోషం. ‘నొక్క’ రాసినా యతి ఒకారానికే, న్ లెక్కలోకి రాదు.

రేనాడు: చెవికి లెక్కలేని న్ కంటికి మాత్రం అక్షరంలో సగం. మన లిపి మాటల హద్దును చూడదు, హల్లును తీసుకపోయి పక్క మాట అచ్చుకు తగిలిస్తుంది. కొరియా వాళ్ల హంగుల్ లిపి దీనికి తలకిందులు. కుక్ (దేశం), ఒ (భాష) కలిపి ‘కుగొ’ అంటారు. రాతలో ఆ హల్లు ముందు పెట్టెలోనే ఉంటుంది, ‘ఒ’ పెట్టెలో హల్లు చోట ఉత్త సున్న. మనమూ అట్ల రాసుంటే ఈ ప్రశ్నే రాదు.

పెన్నాతీరం: హంగుల్ 1446లో రాజు ప్రకటించిన లిపి, కూర్చొని ఆలోచించి చేసింది. దాన్ని మనదానితో పోల్చడం దేనికి? జపాను కనా చూడండి. ఉప్పూ కప్పురమైనా ఒక్క పోలికనుంటాయి, కనాలో ‘న’కూ ‘నొ’కూ ఆ పోలిక కూడా ఉండదు. మన దాంట్లో న ఒళ్లు అట్లే ఉండి, ఒత్వం తలకెక్కుతుంది. అబుగిడా అనేది దీన్నే.

గుత్తికోట: అబుగిడా అంటే ద్విత్వం కనపడాలని లేదు. మన ఎర్రగుడి అశోక శాసనాలు బ్రాహ్మిలోనే ఉండాయి. అచ్చు గుర్తులన్నీ ఉంటాయి, కానీ అశోకుడి ప్రాకృతంలో జంట హల్లును ఒకే హల్లుగా చెక్కినారు. ఆ పద్ధతిలో ‘ఉప్పు’ ‘ఉపు’ అవుతుంది. హగణం పోయి రెండు లఘువులు మిగులుతాయి. పైగా అక్కడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు కుడి నుంచి ఎడమకు.

రేనాడు: ఉర్దూలో జంట హల్లుకు తష్దీద్ అనే గుర్తు ఉంది. మామూలు రాతలో పెట్టరు, హ్రస్వ అచ్చులూ రాయరు. ఆ లిపిలో ఆటవెలది రాస్తే, ముందే కంఠతా వచ్చినోళ్లే చదవగలరు.

కందనవోలు: లిపుల సంగతి బాగుంది. ఆ న?

పెన్నాతీరం: సముచ్చయం, అంటే ‘కూడా’ అనే ‘ను’. కప్పురంబును + ఒక్క, ఉత్వసంధి. మామూలుగా ప్రథమాంతం కళ, అక్కడ ద్రుతం (చివరి న్) రాదు.

రేనాడు: సముచ్చయమైతే ఉప్పు పక్కనా ‘ను’ ఉండల్ల. ఒకదానికి పెట్టి ఇంకోదానికి ఎగ్గొడతాడా?

గుత్తికోట: వేమనను వ్యాకరణం రాసిన చిన్నయసూరి దగ్గర నిలబెడితే ఎట్ల? నోళ్లలో నలిగిన పద్యం అది. బ్రౌన్ 1829లో అచ్చేయించక ముందే తాళపత్రాల్లో పాఠాలు తలా ఒక తీరు.

పెన్నాతీరం: నలిగినా ఆటవెలది చెడలేదు చూడండి. రెండో పాదంలో చూడ-జాడ ప్రాసయతి ఎంత శుభ్రం!

రేనాడు: అదే పాదంలో ‘చూడ చూడ’ ఎట్లొచ్చింది మరి? తుమున్నర్థకం (‘చూడటానికి’ లాంటిది) ద్రుతప్రకృతికం, చివర న్ ఉంటుంది, దాని తర్వాతి చ జ అయి ‘చూడఁ జూడ’ కావాల. అరసున్నకు యూనికోడ్‌లో సంకేతం ఉంది, టైపు చేసేవాళ్లకే ఓపిక లేదు.

గుత్తికోట: ఓపిక కాదు. ‘జూడ’ అని రాస్తే ఈ కాలం పిల్లోళ్లు తప్పనుకొని దిద్దుతారు.