బాల్కనీ కంపోస్టులో పురుగులు పడ్డాయి, ఏం చేయాలి?

మాది కూకట్‌పల్లిలో చిన్న ఫ్లాట్. తడి చెత్త బయట పారేయకూడదని నెల క్రితం 20 లీటర్ల పెయింట్ బకెట్‌కి చుట్టూ చిల్లులు పెట్టి బాల్కనీలో కంపోస్టు మొదలుపెట్టాను. కూరగాయల తొక్కలు, టీ పొడి, పూజ పూలు వేస్తూ మధ్యమధ్యలో కొబ్బరి పొట్టు చల్లాను. పుల్ల మజ్జిగ కూడా పోశాను. ఈ వానలకు లోపలంతా ముద్దయిపోయి ఒకటే కంపు, పైగా తెల్ల పురుగులు. మా అత్తయ్య ఆ వైపు తలుపే తీయనివ్వడం లేదు!

తడి ఎక్కువై గాలి ఆడకపోతే ఇలా అవుతుందని తెలుసు. ఎండుటాకులు మాకు దొరకవు. వాటి బదులు న్యూస్‌పేపర్ ముక్కలు, రంపపు పొట్టు వేయొచ్చా? ఎంత వేయాలి? రెండుసార్లు మిగిలిన పప్పన్నం కూడా పడేశాను, అదే కొంప ముంచిందా? ఉన్నదంతా పారేయాలా, ఆరబెడితే బాగుపడుతుందా? ఇంట్లో చేసి చూసినవాళ్లు చెప్పండి ప్లీజ్.