అప్‌డేట్: చుట్టాలకు చెప్పేశాం

అమ్మకు రొమ్ము క్యాన్సర్ అని చుట్టాలకు చెప్పాలా, దాచాలా అని మూడు నెలల కింద అడిగాను కదా. చివరికి అమ్మే చెప్పేసింది. జుట్టు ఊడింది కనపడకుండా ఈ కడప ఎండలో నెత్తిన కొంగు కప్పుకొని ఎన్నాళ్లు తిరగాలి అంది.

21 రోజులకోసారి కీమో, నాలుగు అయ్యాయి. నోరంతా ఇనుము రుచి అని అన్నం ముట్టని మనిషి, ప్రొద్దుటూరు నుంచి చిన్నమ్మ వచ్చి రాగి సంగటి, కారం తగ్గించిన చెనిక్కాయల చట్నీ చేస్తే రెండు ముద్దలు తింది. ఇద్దరూ పాత గొడవలు తవ్వుకుంటూ నవ్వుకున్నారు.

ఒకాయన మాత్రం మా ఇంట్లో నీళ్లు తాగలేదు. అంటువ్యాధి కాదని డాక్టరుతోనే చెప్పించాం. కీమో తర్వాత రెండో వారం రోగాలను అడ్డుకునే తెల్లకణాలు తగ్గుతాయి కాబట్టి అప్పుడు జలుబున్నవాళ్లను మేమే రావద్దంటున్నాం. 100.4 జ్వరం వస్తే అర్ధరాత్రైనా ఆసుపత్రికే.

మేనత్త ఇంకా ఫోన్ చేయలేదు. అమ్మ రోజూ అడుగుతోంది.