వర్జీనియా ప్రతినిధుల సభలో 50-50 వస్తే స్పీకర్ ఎన్నిక ఎలా తేలుతుంది?

అమెరికాలో శాసనసభ ఎన్నికలను బేసి సంవత్సరాల్లో జరిపే కొద్ది రాష్ట్రాల్లో వర్జీనియా ఒకటి. 2017 నవంబరులో అక్కడి 94వ నియోజకవర్గంలో డెమోక్రాట్ షెల్లీ సైమండ్స్‌కూ రిపబ్లికన్ డేవిడ్ యాన్సీకీ చెరి 11,608 ఓట్లు రాగా, 2018 జనవరి 4న గిన్నెలోంచి చీటీ తీసి యాన్సీ గెలిచినట్టు తేల్చారు. దాంతో రిపబ్లికన్లకు 51-49 ఆధిక్యం మిగిలింది. రెండో చీటీ చేతికి వచ్చి ఉంటే 100 స్థానాల సభ సరిగ్గా సగానికి చీలేది.

అప్పుడు స్పీకర్ ఎవరయ్యేవారో తెలుసుకుందామని ఆ రాష్ట్ర రాజ్యాంగం చదివాను. సెనేట్‌కు అధ్యక్షత వహించే లెఫ్టినెంట్ గవర్నర్‌కు (2025లో ఆ పదవికి ఎన్నికైన గజాలా హష్మీ పుట్టింది హైదరాబాదులోనే) ఓట్లు సమానమైనప్పుడు మాత్రమే ఓటు ఉంటుందని ఐదో అధికరణం స్పష్టంగా చెబుతోంది. ప్రతినిధుల సభ విషయంలో మాత్రం, సభ తన స్పీకర్‌ను తానే ఎన్నుకుంటుందన్న నాలుగో అధికరణంలోని మాట తప్ప, ప్రతిష్టంభనను తొలగించే దారి ఏదీ నాకు కనిపించలేదు. అప్పటి పత్రికా కథనాలు వెతికితే, పార్టీలు అధికారం పంచుకోవలసి వచ్చేదని ఒక్క వాక్యంలో దాటేశాయి.

స్పీకర్ ఎన్నికలో ఇరుపక్షాలకూ 50 చొప్పున ఓట్లు పడితే దాన్ని తేల్చే లిఖిత నియమం వర్జీనియా చట్టాల్లో గానీ సభా నియమావళిలో గానీ ఎక్కడైనా ఉందా?