ఏడు బంతులూ చేతికొచ్చాయి, డ్రాగన్ మాత్రం రావడం లేదు

తూనీగ:
మూడు గంటలుగా ఇదే పని. ఏడు డ్రాగన్ బంతులూ వచ్చేశాయి, అయినా వరాలిచ్చే డ్రాగన్ షెన్‌రాన్ ప్రత్యక్షం కావడం లేదు. ప్యాడ్ మీద ఉన్న బటన్లన్నీ నొక్కి చూశాను, బొటనవేలు వాచింది. మా మేనల్లుడికి డ్రాగన్‌ను చూపిస్తానని మాట ఇచ్చాను. రేపు ఉదయం బస్సుకు వాడు ఊరు వెళ్లిపోతాడు. పక్కనే కూర్చుని "ఏదీ మామయ్యా?" అని అడుగుతుంటే ప్రాణం ఉసూరుమంటోంది. ఆట పాడైపోయిందా? తీసేసి మళ్లీ ఎక్కించాలా? తెలిసినవారు చెప్పండి.

వెన్నెల88:
ఏ ఆట?

తూనీగ:
డ్రాగన్ బాల్ ఆటేనండీ, కొట్లాట ఆట.

వెన్నెల88:
ఆ పేరుతో కొట్లాట ఆటలు చాలా ఉన్నాయి. డబ్బా మీద ఉన్న పేరు రాయండి. కన్సోల్ ఏదో కూడా.

తూనీగ:
ఫైటర్‌జెడ్. పీఎస్4. ముగ్గురేసి జట్టుగా ఆడేది.

చిత్రలిపి:
ఆ పేరును ఫైటర్‌జెడ్ అని చదవకండి, దయచేసి. అది 'ఫైటర్స్'. జపాన్‌లో కటకానా లిపిలో 'ఫైతాజు' అని రాస్తారు, అందులో జెడ్ అనే అక్షరం విడిగా పలకదు. అసలు సిరీస్ 'డ్రాగన్ బాల్ జెడ్' పేరు చివరనున్న జెడ్‌ను మాత్రం 'జెట్టో' అని విడిగా పలుకుతారు. పేరును ఎలా పలకాలో తెలుసుకోవడం ఆ కథను గీసిన తోరియామా అకిరాకు మనం ఇచ్చే కనీస గౌరవం.

తీగలు_తెరలు:
పేరు సంగతి తరువాత. మీ టీవీలో గేమ్ మోడ్ పెట్టారా? చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఈ ఆట సెకనుకు 60 ఫ్రేముల (బొమ్మల) చొప్పున నడుస్తుంది, అంటే ఒక్కో ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లు. బొమ్మను నునుపు చేయడానికి, రంగులు పెంచడానికి టీవీ తనలో తాను కసరత్తు చేస్తున్నంతసేపూ మీరు నొక్కిన దెబ్బ తెర మీద ఆలస్యంగా కనిపిస్తుంది. అయిదారు ఫ్రేములు పోయాయంటే కాంబో, అంటే వరుసగా తగిలే దెబ్బల గొలుసు, మధ్యలోనే తెగిపోతుంది. సెట్టింగుల్లోకి వెళ్లి బొమ్మకు సంబంధించిన హంగులన్నీ ఆపేయండి. నేను మా బంధువుల ఇళ్లకు వెళితే ముందు చేసే పని ఇదే.

తూనీగ:
కాంబో తెగడం లేదండీ. దెబ్బలు బాగానే తగులుతున్నాయి. డ్రాగన్ రావడం లేదు, అంతే.

గోదారిగట్టు:
తూనీగ గారూ, బంతులు ఒక్కటే చాలవు. శక్తి గేజ్ కూడా పూర్తిగా నిండి ఉండాలి. నిండిందా?

తూనీగ:
నిండుగా ఉందండీ. నేను ఒక్క దెబ్బ కూడా తినలేదు, పైన ఉన్న గీత చెక్కుచెదరలేదు.

వెన్నెల88:
అది ప్రాణం. తెర అడుగున అంకె ఉంటుంది. ఎంత?

తూనీగ:
అది 5. ఇందాక 6 అయింది, మళ్లీ తగ్గింది. ఆ అంకె దేనికో ఇంతవరకూ పట్టించుకోలేదు.

గోదారిగట్టు:
అదే శక్తి. అది 7 దాకా వెళ్లాలి. పొరపాటు నాదే, 'శక్తి' అనగానే మీరు పైగీత అనుకున్నారు.

చిత్రలిపి:
అందుకే తెలుగు చేయకూడదంటాను. జపనీయులు దాన్ని 'కి' అంటారు, చైనా వాళ్ల 'చీ' కూడా అదే మాట. ఊపిరి, గాలి, లోపలి బలం, అన్నీ అందులో ఇమిడి ఉన్నాయి. శక్తి అంటే ఒక అర్థం, ప్రాణం అంటే మరో అర్థం. 'కి' అనే రాయండి.

గోదారిగట్టు:
'కి' అని రాస్తే తెలుగులో అది విభక్తి ప్రత్యయం అయి కూర్చుంటుంది. "గోకూకి కి తగ్గింది" అంటే చదివేవాడికి ఏం అర్థమవుతుంది? ప్రాణశక్తి అందాం.

చిత్రలిపి:
ప్రాణశక్తి అంటే మళ్లీ పైగీతే అనుకుంటారు.

వెన్నెల88:
తూనీగ, ఏ బటన్‌తో కొడుతున్నారు?

తూనీగ:
ట్రయాంగిల్. వరుసగా నొక్కితే చివర పెద్ద వెలుగు వస్తుంది. మావాడికి ఆ వెలుగంటే చాలా ఇష్టం.

వెన్నెల88:
ఆ వెలుగుకే అడుగున ఉన్న అంకెలో ఒకటి ఖర్చవుతోంది. స్క్వేర్ నొక్కండి.

గోదారిగట్టు:
కొంచెం వివరంగా చెబుతాను. ట్రయాంగిల్ వరుసగా నొక్కితే ఆఖరి దెబ్బ సూపర్‌గా (పెద్ద ప్రత్యేక దెబ్బగా) మారి అడుగున ఉన్న అంకెలో ఒకటి తినేస్తుంది. అందుకే మీది 6 దాటలేదు. ముందు ప్రత్యర్థికి దూరంగా జరగండి. స్క్వేర్, క్రాస్ కలిపి నొక్కి పట్టుకుంటే మీ మనిషి కాళ్లు ఎడం చేసి నిలబడి అరుస్తాడు, చుట్టూ వెలుగు లేస్తుంది, అంకె పెరుగుతుంది. 7 అయ్యాక సూపర్ జోలికి పోకండి. దగ్గరకు వెళ్లి స్క్వేర్ ఒక్కటే చివరి దెబ్బ దాకా వరుసగా నొక్కండి. ఆ దెబ్బలు ప్రత్యర్థికి తగలాలి, అతను కాచుకుంటే లాభం లేదు. ఇంకో సంగతి, బంతులు ఇద్దరికీ ఉమ్మడి. మీరు సంపాదించిన బంతులతో అవతలివాడు కూడా డ్రాగన్‌ను పిలిచేయగలడు.

తూనీగ:
అయ్యో, ఉమ్మడా? నేను కంప్యూటర్‌తో ఆడుతున్నాను.

గోదారిగట్టు:
ముందే చెప్పాల్సింది. రెండో ప్యాడ్ ఉంటే ఇద్దరు ఆడే పోటీ పెట్టి దాన్ని పక్కన ఉంచండి. ప్రత్యర్థి కదలకుండా నిలబడతాడు.

పిడికిలి:
అసలు డ్రాగన్‌ను పిలవడం కోసం ఇంత అవస్థ ఎందుకు? పెద్ద పోటీల్లో దాని కోసం ఎవరూ ఆడరు. 2018లో లాస్ వెగాస్‌లో జరిగిన ఈవో అనే కొట్లాట ఆటల పోటీ ఫైనల్ చూడండి, సోనిక్‌ఫాక్స్, గో1 అనే ఆటగాళ్లు తలపడినది. ఒకే బటన్ నొక్కుతూ పోయే కాంబో నేర్చుకుంటే చేతికి అదే అలవాటై కూర్చుంటుంది. ముందు కాచుకోవడం నేర్చుకోండి.

రంగులబొమ్మ:
పిడికిలి గారూ, చూడటం కూడా ఆటలో భాగమే. యోకొహామాలోని ఆర్క్ సిస్టమ్ వర్క్స్ వాళ్లు ఈ ఆటను చేసినది త్రీడీ బొమ్మలతో, కానీ చేత్తో గీసినట్టే ఉంటుంది. ఒక భంగిమ నుంచి మరో భంగిమకు మధ్యలో కంప్యూటర్ నింపే నునుపైన కదలికను వాళ్లు వద్దనుకున్నారు. టీవీలో వచ్చే అనిమేలో (జపాన్ కార్టూన్లలో) లాగా భంగిమ కొద్ది ఫ్రేములు అలాగే నిలిచి, ఆ తరువాత టక్కున మారుతుంది. ఆ డ్రాగన్ ఆకాశం నిండా చుట్టుకుని వరం కోరుకోమని అడిగే క్షణాన్ని ఒక పిల్లవాడు చూడాలనుకుంటే అది అవస్థ ఎలా అవుతుంది?

పిడికిలి:
చూడొద్దని నేను అనలేదు. సరైన క్రమంలో నేర్చుకోమన్నాను.

తీగలు_తెరలు:
నిలిచిన భంగిమ అన్నారు కాబట్టి చెబుతున్నాను, టీవీలో కదలికను నునుపు చేసే సెట్టింగ్ ఆపకపోతే ఆ అందం మొత్తం పోతుంది. అదనపు ఫ్రేములు టీవీయే పుట్టించి మధ్యలో దూరుస్తుంది.

రంగులబొమ్మ:
ఆ మాట నిజం.

తూనీగ:
వచ్చిందండీ! రెండో ప్యాడ్ సోఫా మీద పెట్టి చేశాను. ఆకాశం నల్లబడింది. వరం కూడా కోరాను. మావాడు అప్పటికే నిద్రపోయాడు, పొద్దున బస్సుకు ముందు చూపిస్తాను. వెన్నెల గారికి, గోదారిగట్టు గారికి థాంక్స్.

చిత్రలిపి:
సంతోషం. గోదారిగట్టు గారూ, 'ప్రాణశక్తి' విషయం తేలలేదు. పైగీతను 'ఆయువు' అంటే?

గోదారిగట్టు:
ఆయువు బాగానే ఉంది. కానీ అడుగున ఉన్నదానికి 'కి' మాత్రం ఒప్పుకోను.

నల్లపూస88:
నాదీ ఇదే సమస్య, ఎక్స్‌బాక్స్‌లో. స్క్వేర్ అంటే ఏ బటన్?

వెన్నెల88:
ఎక్స్.