బడిపంతుళ్ల శిక్షణ విశ్వవిద్యాలయాలకే అప్పగించాలా?

నల్లబల్ల:
2030 నాటికి ఉపాధ్యాయులకు కనీస అర్హత డిగ్రీ, ఉపాధ్యాయ శిక్షణ కలిసి ఉండే నాలుగేళ్ల సమీకృత బీఈడీ కావాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. నేను పూర్తిగా సమర్థిస్తాను. మైసూరు ప్రాంతీయ విద్యా సంస్థ ఇలాంటి కోర్సును దశాబ్దాల క్రితమే మొదలుపెట్టింది. భౌతికశాస్త్రం లోతుగా చదువుతూ, దాన్ని పిల్లలకు చెప్పడమూ నేర్చుకోవాలంటే విశ్వవిద్యాలయమే తగిన చోటు.

పల్లెబడి:
అక్కడ ఒకటో తరగతి పిల్లలు ఎక్కడుంటారండీ? నేను డైట్‌లో, అంటే జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో, డీఈడీ (చిన్న తరగతుల టీచర్ల డిప్లొమా) చేశాను. టీచింగ్ ప్రాక్టీసులో ఒక పాప నలభై రెండును 402 అని రాసింది. నాకేమీ తోచలేదు. వెనక కూర్చున్న మా లెక్చరర్ చీపురుపుల్లలు తెప్పించి, పదేసి కట్టలు కట్టించారు. నాలుగు కట్టలు, రెండు పుల్లలు పట్టుకుని ఆ పాప తనే దిద్దుకుంది.

గోదారిగట్టు:
బీఈడీలోనూ 20 వారాల ఇంటర్న్‌షిప్ ఉంది.

వేకువ:
కాగితం మీద ఉంది. నేను చదివిన ప్రైవేటు కాలేజీలో హాజరుకు డబ్బు, రికార్డులకు డబ్బు. మా అమ్మ గాజులు కుదువ పెట్టి కట్టింది. నా పాఠం ఒక్కటి కూడా ఎవరూ వచ్చి చూడలేదు.

నల్లబల్ల:
అది అనుబంధ కళాశాల తప్పు. విశ్వవిద్యాలయాన్ని అనకండి.

వేకువ:
అనుబంధం ఇచ్చింది ఎవరు? నా పట్టా మీద ఉన్నది ఎవరి ముద్ర?

నల్లబల్ల:
పల్లెబడి గారూ, అసలు సంగతి చెప్పండి. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పుతో బీఈడీ వారికి ప్రాథమిక తరగతుల పోస్టులు దూరమయ్యాయి. ఆ ఎస్‌జీటీ (చిన్న తరగతుల టీచరు) పోస్టులు మీ డీఈడీ వాళ్లకే మిగిలాయి. కొత్త కోర్సు వస్తే అవి పోతాయని మీ భయం.

పల్లెబడి:
భయమే. ఎందుకు ఉండకూడదు? ఇంటర్ కాగానే రెండేళ్ల శిక్షణ కాబట్టి మా నాన్న నన్ను చదివించగలిగారు. నాలుగేళ్లు నగరంలో హాస్టలు ఖర్చు ఆయన వల్ల అయ్యేది కాదు. అంతకన్నా నొప్పించేది ఇంకొకటి. మీరు సబ్జెక్టు లోతు అన్న ప్రతిసారీ, చిన్న తరగతులకు చెప్పేవాళ్లం తక్కువ చదువు వాళ్లమన్నట్టే వినిపిస్తోంది.

నల్లబల్ల:
ఆ మాట నేను అనను. ఎస్‌జీటీకీ, పై తరగతులకు చెప్పే స్కూల్ అసిస్టెంటుకూ ఒకే స్థాయి డిగ్రీ ఉంటే ఇంకెవరూ అనలేరనే నా వాదన.

పల్లెబడి:
అయితే ఆ డిగ్రీ మా డైట్‌లోనే ఇప్పించండి. విశ్వవిద్యాలయం వాళ్లే ఇక్కడికి వచ్చి చెబుతారు.

నల్లబల్ల:
డైట్లలో లెక్చరర్ పోస్టులే ఖాళీగా ఉన్నాయి కదా?

పల్లెబడి:
వాటిని భర్తీ చేయమని మీరు ఒక్కసారైనా అడిగారా?