నీళ్లొక్కటే చూసి ఓటేస్తే తప్పా?

పెన్నా_ఒడ్డు (ఉరవకొండ): ఈసారి ఓటడగడానికి ఎవరొచ్చినా నేను అడిగేది ఒక్కటే: హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకం పిల్లకాలువలు తవ్విస్తావా, లేదా? కులం వద్దు, పార్టీ వద్దు, పథకాలు వద్దు. శ్రీశైలం వెనక జలాలను మాల్యాల దగ్గర ఎత్తిపోసి, పంపు మీద పంపు పెట్టి 2012లో జీడిపల్లి దాకా తెచ్చారు. రెండు దశలూ కలిపి 6.02 లక్షల ఎకరాలకు నీళ్లన్నారు. పెద్ద కాలువ నిండా పోతుంటే మా శెనక్కాయ చేలో నిలబడి చూస్తాం. తూము లేదు, పిల్లకాలువ లేదు. మా వైపు పిల్లకాలువల పనికి పెట్టిన పేరు 36వ ప్యాకేజీ. ఆ మాట వినీ వినీ మా నాయన ముసలోడైపోయినాడు. ఒక్క విషయం పట్టుకుని ఓటేయడం మూర్ఖత్వమని మా మాస్టారు అంటున్నాడు. మీరేమంటారు?

గుత్తి_కోట: నీళ్లుంటే మిగతావన్నీ వస్తాయన్నా. నా ఓటూ దానికే.

ధర్మవరం_మగ్గం: నేనొప్పుకోను. ఎమ్మెల్యే ఐదేళ్లుంటాడు. కాలువ తవ్విస్తానని గెలిచి, స్టేషన్లో మన కేసు తీసుకోకుండా ఫోన్లు చేసేవాడైతే ఏం చేస్తావు? పట్టు ధర పెరిగి మగ్గాలు ఆగిపోయినప్పుడు మా వీధికి ఒక్కడూ రాలేదు. మాకు ఆయకట్టు లేదు కాబట్టి మా కష్టం లెక్కలోకి రాదా?

పెన్నా_ఒడ్డు: వస్తుందన్నా, కాదనను. కానీ పది అడిగితే నాయకుడు సులువైన రెండు చేసి, ఎనిమిది మర్చిపోతాడు. సీసీ రోడ్డు వేయిస్తాడు, గుడికి చందా ఇస్తాడు, పెళ్లికొచ్చి ఫోటో దిగుతాడు. ‘ఇన్ని చేశాను కదా’ అంటాడు. ఒక్కటే అడిగితే తప్పించుకోవడానికి దారుండదు. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడికలోనే రాయలసీమ నీళ్ల గురించి రాసుకున్నారు. ఇన్నేళ్లూ అన్నీ కలిపి అడిగినందుకే ఇలా ఉన్నాం.

తాడిపత్రి_బండ: అయినా హంద్రీ-నీవా ఆలోచన మొదలైంది ఎన్టీఆర్ హయాంలో. అది మర్చిపోకండి.

గుత్తి_కోట: ఆలోచన చేస్తే నీళ్లొస్తాయా? పనులు జరిగింది వైఎస్ పెట్టిన సాగునీటి ప్రాజెక్టుల కార్యక్రమం జలయజ్ఞంలో.

తాడిపత్రి_బండ: మొదలే లేకపోతే జలయజ్ఞంలో ఏం చేసేవాళ్లు?

గుత్తి_కోట: బడ్జెట్ ఎప్పుడిచ్చారో చూసుకో, తెలుస్తుంది.

పెన్నా_ఒడ్డు: అయ్యా, ఆ పంచాయితీ వేరే పెట్టుకోండి. ఎవరు తెచ్చినా నా చేలోకి రాలేదు.

గొల్లపల్లి_చెరువు (పెనుకొండ): నీళ్లకే ఓటు అంటున్నావు, ఏ నీళ్లకు? జీడిపల్లి దాటాక వచ్చే రెండో దశ కాలువకు కాంక్రీట్ లైనింగ్ వేస్తామంటే మా వైపు రైతులు అడ్డం పడ్డారు. కాలువలో ఇంకే నీళ్లతోనే మా బోర్లు బతికున్నాయి. అడుగున కాంక్రీట్ పోస్తే ఆ ఊట పోతుంది. మదనపల్లె, కుప్పం వాళ్లకేమో లైనింగే కావాలి. దారిలో ఇంకిపోకపోతేనే చివరిదాకా నీళ్లందుతాయి. మేమూ నీళ్లకే ఓటేస్తాం, వాళ్లూ నీళ్లకే వేస్తారు. ఇద్దరికీ నచ్చే అభ్యర్థి ఎక్కడున్నాడు?

పెన్నా_ఒడ్డు: మీకేమప్పా, కాలువ పక్కన బోరు, రాత్రికి కాలువలోనే మోటారు. అందుకే పిల్లకాలువ ఊసెత్తరు. మీరు తోడుకున్నదే మాకు రానిది.

గొల్లపల్లి_చెరువు: నోరు జాగ్రత్త. మీరు జీడిపల్లికి పైనున్నారు, మేం కిందున్నాం. మేం తోడితే మీకెట్లా తగ్గుతుంది? మోటారు పెట్టిన ప్రతివాడూ దొంగేనా? మా అన్న వరుసగా బోర్లు వేయించి అప్పుల్లో పోయినాడు. ఎండిన బోరు పక్కన కూర్చున్నవాడికి నీతులు చెప్పొద్దు.

పెన్నా_ఒడ్డు: మా చేలో మాత్రం బోర్లు ఎండలేదా? మీ ఊట కోసం ప్రాజెక్టే ఆగాలంటే ఎలా?

శింగనమల_అక్క: పొద్దుట్నుంచీ చదువుతున్నా. ఇద్దరికీ భూమి ఉంది కాబట్టి నీళ్ల కోసం కొట్లాడుకుంటున్నారు. మాది కౌలు సేద్యం. ఒక ఏడు వాన ఎగ్గొట్టి శెనక్కాయ కాపు పోయింది. పెట్టుబడి మాది, పరిహారం పాస్ పుస్తకం ఉన్నాయన ఖాతాలో పడింది. అడిగితే ‘భూమి నాది’ అన్నాడు. పిల్లకాలువ వస్తే ఎకరం ధర పెరుగుతుంది, దానితో కౌలూ పెరుగుతుంది. అప్పుడు మేమెక్కడికి పోవాలి?

పెన్నా_ఒడ్డు: అక్కా, నీళ్లొస్తే రెండో కారు పంట వస్తుంది, ఊళ్లోనే కూలి దొరుకుతుంది. బెంగళూరు వలస తగ్గుతుంది. అది మీకూ మేలే కదా.

శింగనమల_అక్క: కూలి దొరుకుతుందని చెప్పడానికి నేను కూలిదాన్ని కాదు తమ్ముడూ, సేద్యగత్తెను. 2019 చట్టం ప్రకారం కౌలు కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి. మా యజమాని పెట్టడు. మీ భూమి కౌలుకిచ్చారా? ఇస్తే సంతకం పెట్టారా?

ధర్మవరం_మగ్గం: దీనికి జవాబు చెప్పు తమ్ముడూ.

పెన్నా_ఒడ్డు: నాలుగెకరాలు కౌలుకిచ్చాం. సంతకం పెట్టలేదు. కాగితం రాసిస్తే రేపు భూమి మీద హక్కు అడుగుతారని మా నాయనకు భయం. ఉన్నదే ఆ కాస్త. దాన్ని కోర్టుల పాలు చేసుకోమంటారా?

శింగనమల_అక్క: ఆ కార్డుతో భూమి మీద హక్కు రాదని చట్టంలోనే ఉంది. పంట మీద హక్కు, అదీ పదకొండు నెలలకే. ఆ మాట మీ నాయనకు ఎవరూ చెప్పలేదా, చెప్పినా నమ్మలేదా?

పెన్నా_ఒడ్డు: చెప్పారు, నమ్మలేదు. పట్టా ఆయన పేరు మీదుంది, నేను బలవంతం చేయలేను. నా ఓటు మాత్రం పిల్లకాలువకే అక్కా. ఆ మాటలో మార్పు లేదు.

గొల్లపల్లి_చెరువు: లైనింగ్ ఆపుతానన్నవాడికి నాది.

శింగనమల_అక్క: సరే, మీ ఓట్లు మీ ఇష్టం. మా ఊరికి ప్రచారానికొచ్చే ప్రతివాడినీ నేనూ ఒక్కటే అడుగుతా: యజమాని సంతకం లేకుండా కౌలు కార్డు ఇప్పించే చట్టానికి అసెంబ్లీలో చెయ్యెత్తుతావా? నాయకుల ఇళ్లల్లోనూ భూమి కౌలుకిచ్చినవాళ్లున్నారు. జవాబు చెప్పడానికి ముందు ఎవరు నీళ్లు నములుతారో చూస్తాను.