హెవీ లైసెన్స్ టెస్టుకి రెండోసారి వెళ్లబోతున్నా: రివర్సు, ఎయిర్, ఘాట్ రోడ్డు సందేహాలు (విశాఖ)

గాజువాక స్టీరింగ్:

గ్రూపులో పెద్దలకి నమస్కారం. నాకు 24 ఏళ్లు, ఉండేది గాజువాక. రెండేళ్లుగా పరవాడ ఫార్మా సిటీకి స్టాఫ్‌ని దించే ట్రావెలర్ (మినీ బస్సు) నడుపుతున్నా. మా ఓనరుకి పెద్ద బస్సులు మూడున్నాయి. హెవీ తెచ్చుకుంటే వాటి మీద పెడతానన్నాడు. ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్స్ లైసెన్స్) తీసి నెల దాటింది, పోయిన వారం టెస్టుకెళ్లి ఫెయిలయ్యా.

ముందుకి బాగానే తీశాను. అసలు గొడవ రివర్సులో. వెనక కుడి చక్రం గీత మీదికి వచ్చేసింది, కంగారులో స్టీరింగ్ ఇంకా తిప్పేశా, పోల్ తగిలింది. అంతకు ముందే పరువు సగం పోయింది. బండి స్టార్ట్ చేసి వెంటనే హ్యాండ్ బ్రేక్ వదిలితే బజర్ మోగుతోంది, బండి కదల్లేదు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు ఏమీ అనలేదు గానీ ఆయన ముఖం చూస్తే నాకు అర్థమైపోయింది.

నా సందేహాలు: మళ్లీ ఎన్ని రోజులకి వెళ్లొచ్చు? రివర్సుకి ఏదైనా గుర్తు ఉంటుందా? ఆ బజర్, ఎయిర్ బ్రేకు సంగతేంటి? సీజన్‌లో అరకు ట్రిప్పులు కూడా పడతాయట, ఘాట్ మీద నేనెప్పుడూ పెద్ద బండి దింపలేదు. ఇంకోటి, నేను ఏడో తరగతితో ఆపేశాను. ఎనిమిది పాసవకపోతే హెవీ కార్డు ఇవ్వరని మా మావయ్య భయపెడుతున్నాడు.

ఫైళ్ల బాబాయి:

కాగితాల సంగతి నేను చెప్తాను, స్టీరింగ్ సంగతి మిగతావాళ్లు చూసుకుంటారు.

మీ మావయ్య చెప్పింది పాత మాట. ఎనిమిదో తరగతి నిబంధన కేంద్రం 2019లోనే తీసేసింది. ఉద్యోగం ఇచ్చేవాళ్లు చదువు అడగొచ్చు, అది వేరే లెక్క. లైసెన్స్‌కి మాత్రం అడ్డు కాదు.

ఒకసారి పోతే 7 రోజుల తర్వాత మళ్లీ వెళ్లొచ్చు. వరుసగా మూడుసార్లు పోతే ఆఖరి టెస్టు నుంచి 60 రోజులు ఆగాలి. ఎల్‌ఎల్‌ఆర్ 6 నెలలే పనిచేస్తుంది కాబట్టి తారీఖు ఒకసారి చూసుకోండి. "వచ్చే నెల చూద్దాం" అనుకుంటూ ఎల్‌ఎల్‌ఆర్ దాటేసి, మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టినవాళ్లని చాలామందిని చూశాను.

హెవీకి 20 ఏళ్లు నిండాలి, లైట్ మోటారు లైసెన్స్ వచ్చి కనీసం ఏడాది అవ్వాలి. మీకు రెండూ ఉన్నాయి. డాక్టరు రాసిచ్చే ఫారం 1ఏ, డ్రైవింగ్ స్కూలు ఇచ్చే ఫారం 5 ఒరిజినల్స్ పెట్టుకోండి. ఏ తరగతికి అడిగారో ఆ తరగతి బండి మీదే టెస్టు పెడతారు. స్కూలు బస్సు ముందే మాట్లాడుకుని, అదే బండి మీద రెండు మూడు రోజులు తిప్పి వెళ్లండి. కొత్త బండి క్లచ్ టెస్టు రోజున పరిచయమైతే కష్టం.

టెస్టు పాసైతే ఆ కార్డు ట్రాన్స్‌పోర్టు కింద 5 ఏళ్లు. రెన్యువల్‌కి మళ్లీ మెడికల్ పెట్టాలి. గడువు అయిపోయాక ఏడాది దాటనిస్తే మళ్లీ టెస్టే.

గాజువాక స్టీరింగ్:

చాలా థ్యాంక్స్ బాబాయ్. మరి ఇప్పుడు ట్రావెలర్ నడపడానికి లైసెన్స్ మీద ట్రాన్స్‌పోర్టు ఎండార్స్‌మెంట్ (అదనపు అనుమతి) లేదని ఎవరైనా ఆపితే?

ఫైళ్ల బాబాయి:

బండి బరువు 7,500 కిలోల లోపైతే లైట్ లైసెన్స్ సరిపోతుందని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. మీ ఓనరు పెద్ద బస్సుల సంగతి వేరు. లోడుతో కలిపి 12,000 కిలోలు దాటితే చట్టం లెక్కలో హెవీ పాసింజర్. కార్డు రాకముందు "డిపో దాకానే కదా" అని కూడా ముట్టుకోకండి.

రిటైర్డ్ ఖాకీ:

ఏటి తమ్ముడూ, ఒక్కసారి పోయినందుకే అంత గాబరా. నేను 31 ఏళ్లు ఆర్టీసీలో చేసి దిగాను. నా మొదటి టెస్టులో బండి మూడుసార్లు ఆగిపోయింది.

ముందు నీ ఎయిర్ సంగతి. కుర్రాళ్లంతా ఇక్కడే పొరబడతారు. హ్యాండ్ బ్రేకుని గాలి పట్టుకుంటుందనుకుంటారు. కాదు. వెనక చక్రాల దగ్గర బలమైన స్ప్రింగులుంటాయి, బ్రేకుని పట్టుకునేవి అవే. గాలి నిండితే ఆ స్ప్రింగు వెనక్కి తగ్గి చక్రం వదులుతుంది. రాత్రంతా బండి ఆగి ఉంటే గాలి దిగిపోతుంది. పొద్దున్న స్టార్ట్ చేసిన వెంటనే నువ్వు లివర్ వదిలినా స్ప్రింగు వదలదు. గాలి లేని బండి ఆగిపోవాలనే అలా పెట్టారు. బజర్ నీకు చెప్తున్నది అదే.

కాబట్టి స్టార్ట్ చేశాక ఊరికే కూర్చుని గేజీ చూడు. ముల్లు ఎర్ర గీత దాటాలి, బజర్ ఆగాలి. ఇంకాసేపు ఆగితే ట్యాంకు నిండి "చస్స్..." మని గాలి వదుల్తాది. ఆ చప్పుడు విన్నాకే కదులు. టెస్టులో ఇన్‌స్పెక్టర్ పక్కన ఉన్నాడని మొహమాట పడకు. "సార్, గాలి ఎక్కనివ్వండి" అని చెప్పు. పనొచ్చినవాడే ఆ మాట అంటాడు.

గాలి ఎక్కేలోపు చేతులు ఖాళీగా పెట్టుకోకు. సీటు, అద్దాలు, పాసింజర్ తలుపు, వైపరు, హారన్ చూసుకో. ఎక్కకముందే బండి చుట్టూ ఒకసారి తిరగాలి. కింద నూనె చుక్కలున్నాయా, చక్రాల నట్లు సరిగా ఉన్నాయా చూడు, టైరుని రాడ్డుతో కొట్టి విను. గాలున్న టైరు టంగుమని మోగుతాది, లేనిది చచ్చినట్టు చప్పుడు చేస్తాది. వెనక జంట టైర్లలో లోపలిది పోతే కంటికి కనపడదు, రాడ్డే చెప్పాలి.

టూరిస్టు బండి:

రివర్సు నేను చెప్తాను అన్నా, మా పని రోజూ హోటళ్ల గేట్లలో రివర్సులే.

తమ్ముడూ, ట్రావెలర్ అలవాటే నిన్ను దెబ్బకొట్టింది. ట్రావెలర్లో ముందు చక్రం ఇంచుమించు నీ కాళ్ల దగ్గరే ఉంటుంది. పెద్ద బస్సులో నువ్వు కూర్చున్నది చక్రానికి ముందు. అందుకే ముందుకెళ్లి మలుపు తిప్పేటప్పుడు కాస్త ఆలస్యంగా స్టీరింగ్ కొయ్యాలి, నీ సీటు మలుపు దాటుతున్నట్టు అనిపించాక. తొందరగా కోస్తే వెనక చక్రం లోపలికి లాగి పేవ్‌మెంట్ ఎక్కేస్తుంది. ఎడమకి తిరిగితే తోక కుడివైపుకి ఊగుతుంది, అటు ఆటో ఉంటే గీసేస్తుంది. ఆశీల్‌మెట్ట దగ్గర ఒకసారి నేనే నేర్చుకున్నాను, ఎలా నేర్చుకున్నానో అడక్కు.

రివర్సులో తోక ఎటు పోవాలో స్టీరింగ్ అటు. ఆ సంగతి నీకు తెలుసు. తెలియాల్సింది ఇంకోటి: గీతకి దగ్గరపడ్డ చక్రం వైపు అద్దమే చూడు, రెండు అద్దాల్లోకీ గబగబా చూస్తే తల తిరుగుతుంది. తోక కుడికి ఎక్కువ పోతోందనిపిస్తే ముందు బండి ఆపు. ఆపాక స్టీరింగ్ ఎటుందో చూసుకో, తర్వాత సరిచెయ్యి. కదుల్తూ సరిచేస్తే నువ్వు తిప్పిన దానికి బండి అడుగు ఆలస్యంగా జవాబిస్తుంది. "ఇంకా తిరగలేదే" అని మళ్లీ తిప్పుతావు. నీ పోల్ అలాగే పడింది.

ఇంకోమాట. అనుమానమొస్తే ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, దిగి వెనక చూసొస్తానని అడగడంలో సిగ్గేం లేదు. మా కంపెనీలో క్లీనర్ లేకుండా రివర్సు తీస్తే తిట్లే.

డీజిల్ పొదుపు:

ఘాట్ గురించి ఎవరూ చెప్పలేదు. దిగేటప్పుడు న్యూట్రల్లో వేసి బ్రేకు మీద దింపితే డీజిల్ బాగా కలిసొస్తుంది. నేను చాలాసార్లు చేశా.

రిటైర్డ్ ఖాకీ:

ఒరే నాయనా, ఆ మాట ఇక్కడ రాయకు. ఈ కుర్రాడు చదువుతున్నాడు.

న్యూట్రల్లో బండికి ఇంజను పట్టు ఉండదు, బరువంతా బ్రేకు డ్రమ్ముల మీదే పడుతుంది. మాటిమాటికీ తొక్కితే డ్రమ్ము కాలి, లైనింగ్ పట్టు తప్పి, కాలు కిందికి వెళ్లినా బండి ఆగదు. పైగా ప్రతి తొక్కుడికీ ట్యాంకులో గాలి ఖర్చవుతుంది. పోనీ డీజిల్ మిగిలేదీ లేదు. ఇప్పటి ఎలక్ట్రానిక్ ఇంజన్లు గేర్లో దిగుతూ యాక్సిలేటర్ వదిలితే డీజిల్ పంపడం ఆపేస్తాయి. న్యూట్రల్లోనే ఇంజను ఆగకుండా ఉండడానికి కాస్త తాగుతాది. పొదుపు అన్నది ఎటుపోయిందో లెక్క వేసుకో.

టూరిస్టు బండి:

అరకు దారి సంగతి వేరుగా రాస్తాను. శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్ మొదలవుతుంది. మనకి సూత్రం ఒకటే: ఏ గేర్లో ఎక్కావో ఆ గేర్లోనే దిగు. వాలు మొదలవ్వకముందే గేర్ దించు, వాలు మధ్యలో వేగం ఎక్కాక దించబోతే గేర్ పడదు, న్యూట్రల్లో ఉండిపోతావు. ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ దారి మూసి ఇంజనుతోనే వేగం తగ్గించేది) స్విచ్ వేసి ఉంచు. బ్రేకు మీద కాలు ఆనించే ఉంచకు. వేగం ఎక్కువైతే ఒక్కసారి గట్టిగా తొక్కి దించు, వదులు, డ్రమ్ముని చల్లారనివ్వు. మలుపులో కాదు, మలుపు ముందే.

ఎదురుగా బండి ఎక్కుతుంటే దిగేవాడే ఆగి దారివ్వాలి. మలుపు మలుపుకీ హారన్. పొగమంచులో హై బీమ్ వేస్తే తెల్లగోడ కనపడుతుంది తప్ప రోడ్డు కనపడదు, లో బీమ్ పెట్టు.

2021 ఫిబ్రవరిలో డముకు దగ్గర టూరిస్టు బస్సు లోయలో పడింది. 2023 ఆగస్టులో పాడేరు ఘాట్‌లో ఇంకో బస్సు. భయపెట్టడానికి రాయట్లేదు. మొదటి అరకు ట్రిప్పు నువ్వు నడపకు. పక్క సీట్లో కూర్చుని, నడిపేవాడి చేతులు కాకుండా కాళ్లు చూడు. ఎప్పుడెప్పుడు బ్రేకు మీద పెడుతున్నాడో లెక్కపెట్టు, వచ్చి ఇక్కడ చెప్పు.

కూర్మన్నపాలెం పాసింజర్:

నేను డ్రైవర్ని కాదు బాబూ, రోజూ కూర్మన్నపాలెం నుంచి మద్దిలపాలెం దాకా బస్సులో నిలబడి వచ్చే మనిషిని. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకి ఫ్రీ మొదలైనప్పటి నుంచి సీటు దొరికిన రోజు పండగే.

ఒక్కటే చెప్తా. మీరంతా గీతలు, పోల్‌లు అంటున్నారు, లోపల ఉన్నవాళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. కొందరు డ్రైవర్లు సిగ్నల్ ఎర్రగా కనపడుతున్నా చివరిదాకా యాక్సిలేటర్ మీదే ఉండి అప్పుడు బ్రేకు కొడతారు. పిల్లని ఎత్తుకుని నిలబడ్డ ఆవిడ ఏ కడ్డీ పట్టుకోవాలి? ఎన్‌ఏడీ కూడలి దగ్గర మొన్నే ఒక ముసలావిడ నా మీద పడిపోయింది. దిగేవాళ్లు చివరి మెట్టు మీద ఉండగా బండి కదిలించేవాళ్లు ఇంకో రకం.

రిటైర్డ్ ఖాకీ:

అమ్మా, ఆ మాట మాకు శిక్షణలోనే చెప్పాల్సింది. నాకు మాత్రం ఒక పాత డ్రైవరు చెప్పాడు. డాష్ మీద గ్లాసుడు నీళ్లు పెట్టి, తొణక్కుండా గాజువాక దాకా తీసుకెళ్లమనేవాడు. పిచ్చి అనుకునేవాణ్ని. మూడు నెలలకి అర్థమైంది: నీళ్లు తొణకాల్సిన అవసరమే రాకుండా దూరం నుంచి చూస్తుండాలి.

తమ్ముడూ, లెక్క చెప్తా. 60లో వెళ్తుంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతున్నావు. ముందు బండి ఒక స్తంభం దాటాక నువ్వు దాటేసరికి మూడు సెకన్లు పట్టాలి, అంటే 50 మీటర్లు. వానలో అది రెట్టింపు చెయ్యి. వేగం రెట్టింపైతే బ్రేకు తొక్కాక బండి ఆగే దూరం దాదాపు నాలుగింతలు, అది మర్చిపోకు. ఎండాడ నుంచి హనుమంతవాక వైపు దిగేటప్పుడు ఇది నీకే కనపడుతుంది. బండి బరువే తోస్తుంటుంది. ఆ ఖాళీలోకి బైకు దూరితే తిట్టుకోకు, మళ్లీ వెనక్కి తగ్గు.

తలుపు మూసినట్టు అద్దంలో చూశాకే క్లచ్ వదులు. వానల్లో చావులమదుం లాంటి చోట నీళ్లలోంచి వెళ్లొస్తే బ్రేకు తడిసి పట్టదు. కాస్త దూరం నెమ్మదిగా వెళ్తూ కాలు మెల్లగా ఆనించి ఆరబెట్టుకో.

ఫైళ్ల బాబాయి:

ఒక చిన్న మాట కలుపుతా. రోజుకి 8 గంటలు, 5 గంటలు నడిపితే అరగంట విరామం అని 1961 నాటి మోటారు ట్రాన్స్‌పోర్టు కార్మికుల చట్టంలోనే ఉండేది (2025 నవంబరులో దాని చోట కొత్త కార్మిక కోడ్ వచ్చింది). పొద్దున్న స్టాఫ్ ట్రిప్పు, సాయంత్రం స్టాఫ్ ట్రిప్పు, రాత్రి అరకు అని ఓనరు అంటే ఇది గుర్తుచెయ్యండి. ఉద్యోగం కొత్త కాబట్టి నోరు రాదు, నాకు తెలుసు. అయినా రాత్రి 2 దాటాక నిద్రకి ఏ ఓనరూ జవాబు చెప్పడు. ఇక మందు సంగతి, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. మీరు పాసింజర్లతో ఉన్నారు కాబట్టి సున్నా అనుకోండి.

గాజువాక స్టీరింగ్:

అందరికీ నమస్కారం. తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నా. నిన్న పాసయ్యాను.

స్కూలు బస్సు మీద నాలుగు రోజులు తిప్పాను, అందులో రెండు రోజులు రివర్సే. టెస్టులో "గాలి ఎక్కనివ్వండి సార్" అన్నాను. ఇన్‌స్పెక్టర్ గారు తల ఊపి ఫోన్ తీసుకున్నారు, అంతసేపు ఆగారు. రివర్సులో ఒకచోట తోక పోతోందనిపించి ఆపేశా. స్టీరింగ్ ఎటు తిప్పి ఉందో చూసుకుని మెల్లగా లాగాను. గీతకి బెత్తెడు దూరంలో ఆగింది. చివర్లో ఆయన అడిగింది ఒకటే, "ఎమర్జెన్సీ తలుపు ఎలా తెరుస్తావు?" అని. అదృష్టం, స్కూల్లో ముందు రోజే తీసి చూశాను. దాని గురించి ఇక్కడ ఎవరూ చెప్పలేదు, మిమ్మల్నందర్నీ తిట్టుకున్నా.

సోమవారం నుంచి ఓనరు పెద్ద బండి ఇస్తానన్నాడు. వారం రోజులు పాత డ్రైవరు పక్కన కూర్చోవాలట. ఆయన పొడుగు మనిషి, నేనేమో పొట్టి.

రిటైర్డ్ ఖాకీ:

శభాష్. అయితే ఆయన దిగి నువ్వు ఎక్కిన ప్రతిసారీ ఎడమ అద్దం మార్చుకో. ఆయన ఎత్తుకి పెట్టిన అద్దంలో నీకు ఆకాశమే కనపడుతాది. సీటు ముందు, అద్దం తర్వాత.